కొండ వంతు

ఓస్లో
1975 జూన్ 3

గున్‌వోర్ అత్తకు,

నువ్వు ఫోను దగ్గరికి రాదలచుకోలేదని నాకు అర్థమైంది. చలికాలం నుంచి చేస్తూనే ఉన్నాను. ప్రతిసారీ పక్కింటి తొల్లేవ్ ఎత్తుతాడు. "ఉండు, పిలుస్తా" అంటాడు. అతని బూట్లు టకటకా వెళ్తాయి, టకటకా తిరిగొస్తాయి. "పనిలో ఉందటయ్యా, తర్వాత చూద్దామంది" అంటాడు. ఒక మేనత్తకు మేనల్లుడితో రెండు మాటలు మాట్లాడే తీరిక లేనంత పని ఆ ఊళ్ళో ఏముంటుందో నాకు తెలీదు. అందుకే ఉత్తరం.

సంగతి చెప్తాను. నా పేరుతో ఒక రికార్డు వస్తోంది. ఇన్నేళ్ళూ హోటళ్ళలో డాన్సులకీ, ఎవరెవరి పాటల వెనకో సాక్సోఫోన్ ఊదాను. ఇప్పుడు మొదటిసారి అట్టమీద నా పేరు ఉంటుంది. అందులో ఉండేవి మన లోయ పాటలే. పెళ్ళివారు చర్చికి నడిచేటప్పుడు వాయించేది, తాత వయొలిన్ మీద పలికించిన నాట్యపు వరసలు, అమ్మ పాడిన జోల. వాటినే జాజ్‌లోకి తెస్తున్నాను. అన్నీ కుదిరాయి కానీ మధ్యలో ఖాళీ ఉంది. కూర్చుంటే కూర్చోబుద్ధి కాదు, ట్రామ్ ఎక్కితే చివరి స్టాపు దాకా వెళ్ళి ఊరికే తిరిగొస్తున్నాను. ఆ ఖాళీలో ఉండాల్సింది నీ పిలుపు అత్తా. సాయంత్రం పాలవేళకు కొండదొడ్డి గుమ్మంలో నిలబడి ఆవుల్ని పిలుస్తావే, అది.

చిన్నప్పుడు వేసవంతా చెరువు అవతలి రాళ్ళ మీద మేకల్ని కాస్తూ నేను విన్నది అదే. పాల లారీలో ఒక టేపు రికార్డర్ పంపుతున్నాను. ఎర్ర మీట నొక్కి ఒక్కసారి పిలువు. అంతే.

ఐలేవ్


కొండదొడ్డి
జూన్ 24

ఒరేయ్ ఐలేవ్,

నీ పెట్టె అందింది. మంచి బరువుంది. తెల్ల చీజ్ నొక్కడానికి ఇన్నాళ్ళూ రాయి పెట్టేదాన్ని, అది వంకర. నీ పెట్టె చక్కగా సమంగా కూర్చుంది. నీళ్ళు కారి పాడవుతుందని బెంగపడకు, కింద గుడ్డ వేశాను.

వేసవి మేతకు ఆవుల్ని ఊరి నుంచి కొండ పైకి తోలుకొచ్చాం. నావి కొన్ని, తొల్లేవ్‌వి కొన్ని. ఫాగర్లిన్ మెడకే మళ్ళీ గంట కట్టాను. దానికి వయసొచ్చింది, పొగరు తగ్గలేదు. మందంతా దాని వెనకే.

పిలుపు సంగతి. నువ్వు పాటల వెంట తిరిగి తిరిగి మన పద్ధతి మర్చిపోయినట్టున్నావు. పిలుపు పాట కాదురా. ఒక పిలుపు ఒక ఆడదానిది. ఆమె బతికుండగా ఇంకొకరు దాన్ని నోట్లో పెట్టుకోరు. మా చిన్నప్పుడు అవతలి దొడ్డి పిల్ల సరదాకి మా అక్క పిలుపు పిలిచింది. రెండు మందలూ కలిసిపోయి, ఎవరి పాలు ఎవరు పిండారో తెలియక రెండిళ్ళూ ఏడాదిపాటు చర్చిలో ఎడమొహం పెడమొహంగా కూర్చున్నాయి. నాది మా అమ్మమ్మ ఇచ్చింది. ఆవుల కోసం ఇచ్చింది, నీ గ్రామఫోన్ వాళ్ళ కోసం కాదు.

నీ జోల వేసుకో, నాట్యాలు వేసుకో. పెట్టెతో పాటు ఒక చీజ్ ముక్క పంపుదామంటే పెట్టె ఖాళీ లేదు. చీజ్ మాత్రం పంపుతున్నాను. పలచటి రొట్టెలో చుట్టుకు తిను, చిక్కిపోయి ఉంటావు.

గున్‌వోర్


ఓస్లో
జూలై 9

అత్తకు,

చీజ్ తిన్నాం. "తిన్నాం" అంటే నేనొక ముక్క, స్టూరె మిగతాదంతా. స్టూరె మా పియానో వాయించేవాడు, స్వీడన్ మనిషి. "మీ నార్వేవాళ్ళకి చేతనైంది ఈ చీజ్ ఒక్కటే" అని మెచ్చుకుంటూ తిన్నాడు. మెచ్చుకోవడం వాళ్ళకి అంతవరకే వచ్చు.

వాడితో నాకు రోజూ గొడవ. నీ పిలుపు నాకు గుర్తున్నంతవరకు వాయించి చూపించాను. పైకి లేచి విరిగేచోట ఒక స్వరం ఉంటుంది కదా, అది పియానోలో దొరకదు. రెండు మీటల మధ్య సందులో ఉంటుంది. నేను పెదవి కాస్త వదులు చేసి పట్టుకుంటాను. "అది తప్పు స్వరం, పైకి లాగు లేకపోతే కిందికి దించు" అంటాడు వాడు. "తప్పు కాదు, అది అక్కడే ఉంటుంది" అంటాను. "అక్కడంటే ఎక్కడ? నా పియానోలో ఆ ఇల్లే లేదు!" అంటాడు. పైకి లాగితే నా చెవికి మంచినీళ్ళలో చక్కెర వేసినట్టుంది. లాగకపోతే వాడు పియానో మూత దబీమని మూస్తాడు.

ఇప్పుడు నాకే అనుమానం పట్టుకుంది. నిజంగా అది అక్కడే ఉందా, చిన్నప్పటి చెవి నన్ను మోసం చేస్తోందా? సెప్టెంబర్ మొదట్లో స్టూడియో. ఒక్కసారి విననీ అత్తా. రికార్డులో నీ గొంతు వేయను, ఒట్టు. నా సాక్సోఫోన్‌కి దారి చూపిస్తే చాలు. లేదంటే నేనే బయల్దేరి వస్తాను.

ఐలేవ్


కొండదొడ్డి
జూలై 20

ఐలేవ్,

రావద్దు. కప్పు కారుతోంది, నువ్వు పడుకునే చోటే కారుతోంది. ఎండుగడ్డి పని ఉంది. తొల్లేవ్ కోడెదూడ మనుషుల మీదికి వస్తోంది.

ఫాగర్లిన్ రెండు రోజులు ఇంటికి రాలేదు. మంచు దిగింది, చెయ్యి చాపితే వేళ్ళు కనబడవు. చిత్తడి నేలలో ముందుకాళ్ళు దిగబడి ఉంది. తొల్లేవ్, నేను తాళ్ళు వేసి లాగాం. దాని వెనక వెళ్ళినవి కూడా పొదుగులు బిగిసి అరుస్తున్నాయి. నా మోకాళ్ళు వాచాయి.

నువ్వు నీ స్వీడన్ వాడితో పోట్లాడుకో. నన్ను వదిలెయ్యి.

గున్‌వోర్


ఓస్లో
ఆగస్టు 2

అత్తా,

నీ ఉత్తరం చదివాక ఊరంతా నడిచి వచ్చాను. అయినా కోపం తగ్గలేదు.

నేను సాక్సోఫోన్ కొనుక్కున్నప్పుడు లోయలో అందరూ నవ్వారు. "ఆ ఇత్తడి గొట్టంతో పాలు వడకడతావా?" అన్నాడు తొల్లేవ్. నువ్వొక్కదానివే నవ్వలేదు. గుమ్మంలో కూర్చోబెట్టి, "ఊదరా, విందాం" అన్నావు. నాకు అది చాలింది, ఇన్నేళ్ళూ అదే చాలింది. ఇప్పుడు నోరు తెరిచి అడిగిన ఒక్కటీ ఇవ్వనంటున్నావు. నీ గొంతు ఆవులకి ఉంది, నాకు లేదు. ఫోనులో "బాగున్నావా" అనడానికి కూడా లేదు. పెళ్ళాడలేదు, పిల్లల్లేరు. నీ తర్వాత ఆ పిలుపు ఎవరికి? నీతోపాటు మట్టిలో పెట్టుకుంటావా?

నాకు గుర్తున్నట్టుగానే వాయించేస్తాను. తప్పయితే తప్పు. ఇదిగో టేపు. చీజ్ మీద నుంచి ఆ పెట్టె దింపి, ఇందులో వేసుకుని విను. వినకపోయినా సరే.

ఐలేవ్


కొండదొడ్డి
ఆగస్టు 10

ఒరేయ్ ఐలేవ్,

నాకు గొంతు లేదు.

చూశావా, రాస్తే ఇంతే. నాలుగు మాటలు కూడా లేవు. ఇన్ని నెలలు ఎందుకు మింగానో నాకే తెలీదు. ఫిబ్రవరిలో మెడలో గడ్డ తీశారు. తీస్తే గొంతు పోవచ్చని డాక్టర్ ముందే చెప్పాడు, తీయకపోతే ఏమవుతుందో కూడా చెప్పాడు. సరే తియ్యమన్నాను. ఇప్పుడు గుసగుస మాత్రం మిగిలింది. ఎదురుగా కూర్చున్నవాడికి వినబడుతుంది. ఫోనులో వినబడదు. అందుకే రాలేదు. తొల్లేవ్ చేత ఒట్టు వేయించుకున్నాను, పాపం ఆ మొద్దు ఎలాగో నిలబెట్టుకున్నాడు.

ఆవుల్ని తోలుకొచ్చిన మొదటి సాయంత్రం గుమ్మంలో నిలబడి నోరు తెరిచాను. గాలి వచ్చింది, ఇంకేమీ రాలేదు. ఫాగర్లిన్ చెరువు అవతల తల కూడా ఎత్తలేదు. ఏడ్చానురా. ఆపరేషన్ అప్పుడు కూడా ఏడవలేదు. ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం చెరువు చుట్టూ నడిచి, బకెట్ వాయిస్తూ, ఉప్పు చూపించి తోలుకొస్తున్నాను. మంచు పడితే అదీ లేదు. తొల్లేవ్ కుండ బద్దలు కొట్టినట్టు చెప్పాడు. "ఇంకొక్కసారి ఒక్క ఆవు బయట ఉండిపోయినా నావి దించేస్తా గున్‌వోర్. నీ మీద కోపం కాదు." అతనివి దిగితే నా నాలుగు ఆవుల పాల కోసం లారీ ఈ కొండ ఎక్కదు. దొడ్డికి తాళమే. నేను వచ్చినప్పటి నుంచి దీన్ని ఏ వేసవీ మూయలేదు.

ఇక నీ టేపు. నీ తిట్లు చదివి, చీజ్ మీద నుంచి పెట్టె దింపి, గుమ్మంలో పెట్టాను. పాలు పిండడం అయిపోయింది, ఆవులు ముంగిట్లోనే మేస్తున్నాయి. నువ్వు ఊదావు. అన్నీ తలలెత్తాయి! ఫాగర్లిన్ నాలుగడుగులు వేసింది. నేను లేచి నిలబడ్డాను. తర్వాత అది ఆగింది. గుమ్మం వైపు చూసింది, కొండ వైపు చూసింది, మళ్ళీ గుమ్మం వైపు. చివరికి వెనక్కి తిరిగి పేడ వేసింది.

మళ్ళీ మళ్ళీ విన్నాక నాకు తెలిసింది. శబ్దం లేకుండా నవ్వడం ఎలా ఉంటుందో చూడాలంటే నువ్వు ఆ పూట ఇక్కడ ఉండాల్సింది. ఒరేయ్ పిచ్చివాడా, నువ్వు కొండ వంతు కూడా వాయించావు! నేను పిలిచేది సగమే. పైకి లేచి విరగ్గానే ఆపేస్తాను. ఆ తర్వాత కిందికి జారేదంతా కొండ తిరిగి చెప్పేది. గుమ్మంలో నిలబడితే అది ఎవరో గొణిగినట్టు వినబడుతుంది. నువ్వు ఎప్పుడూ అవతలి ఒడ్డున కూర్చున్నావు కదా, రెండూ కలిపి ఒకటే అనుకున్నావు. కొండ గొంతు మా ఇంటి గుమ్మంలోంచి వస్తే ఆవు ఏమనుకోవాలి?

ఆ సందు స్వరం మాత్రం అక్కడే ఉంది. స్వీడన్ వాణ్ణి దాన్ని ముట్టుకోనివ్వకు. ఇంతకన్నా చెప్పలేను. పాడి చూపిద్దామంటే ఏముంది నా దగ్గర.

గున్‌వోర్


ఓస్లో
ఆగస్టు 14

అత్తా,

వస్తున్నాను. పాల లారీలో, సాక్సోఫోన్‌తో. కప్పు కారనీ. కోడెదూడకి చెప్పు.

ఐలేవ్


రైల్లో, ఓస్లో వైపు
ఆగస్టు 30

అత్తకు,

లారీ కోసం పరిగెత్తాల్సి వచ్చింది, నీకు చెప్పాల్సింది చెప్పలేదు. నువ్వు కూడా ఏమీ చెప్పలేదు. బండి ఊగుతోంది, అక్షరాలు నాతో సమానంగా కుదురు లేకుండా ఉన్నాయి.

నిన్న సాయంత్రం మంచు దిగుతుంటే తొల్లేవ్ గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు కదా, నువ్వు బకెట్ పట్టుకుని అవతలి ఒడ్డుకి వెళ్ళిపోయావు. "నేనుంటే నా మొహం చూస్తావు. ఆవుల కోసం ఊదు" అని గుసగుసలాడి వెళ్ళావు. గొంతు లేకుండా కూడా తిట్టడం నీకే చెల్లింది. నీ వెనక చెరువు కూడా మాయమైంది. నీ గుమ్మంలో, నీ పాదాలు అరగదీసిన రాతి మీద నిలబడ్డాను. సాక్సోఫోన్ ఎత్తాను.

మొదటిసారి భయంతో ఆ స్వరాన్ని పైకి లాగేశాను. నెలల తరబడి స్టూరె పోరిన చోటికే పోయింది. ఏమీ కదల్లేదు. తొల్లేవ్ దగ్గాడు. "పోనీలేవయ్యా, రేపు పొద్దున్నే దించుకుపోతా, నువ్వూ సాయం పట్టు" అన్నాడు. మాటలో వెక్కిరింపు లేదు, అదే నన్ను ఎక్కువ నొప్పించింది.

రెండోసారి పెదవి వదిలేశాను. పైకి లేపి, విరిచి, ఆపేశాను. సాక్సోఫోన్ దించేశాను. ఆపడం ఎంత కష్టమో నీకు తెలుసు కదా? నా ఊపిరి ముందుకు పోతానంటుంది, మిగతాది వాయించేస్తానంటుంది. పళ్ళు బిగించి నిలబడ్డాను. దూరంగా, సన్నగా కొండ గొణిగింది. తర్వాత ఏమీ లేదు. ఆ తర్వాత గంట.

చెరువు చుట్టూ వచ్చింది ఆ గంట, ఆగకుండా. తొల్లేవ్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. మంచులోంచి ముందు ఫాగర్లిన్ మొహం, దాని వెనక మిగతావి, అన్నిటికన్నా వెనక నువ్వు. బకెట్ నీ చేతిలో ఊరికే వేలాడుతోంది. నా పక్కనుంచి నడిచి, నా వైపు చూడకుండా పాకలోకి వెళ్ళి పాలు పిండటం మొదలుపెట్టావు. పొద్దున కూడా కాఫీ పోశావు, వాఫిల్ పెట్టావు, మాట లేదు. బాగుందా? తప్పా? నీ అమ్మమ్మ సొత్తు ముట్టుకున్నానని కోపమా?

సోమవారం స్టూడియో. కొండ వంతు తీసేసి, నీ వంతు ఒక్కటే వాయిస్తాను, నువ్వు చెప్పినట్టే. ఈ ఉత్తరానికి జవాబు అప్పటికి రాదని తెలుసు. అయినా రాయి. రాకపోతే నాకు ఎక్కడా కాలు నిలవదు.

ఐలేవ్


కొండదొడ్డి
సెప్టెంబర్ 1

ఒరేయ్ ఐలేవ్,

తొల్లేవ్ ఇంట్లో పెళ్ళికూతురిలా కూర్చుని ఉన్న ఆ ఫోను ఈ రోజు నాకు పనికొచ్చింది. ఇది రాసి అతనికి ఇస్తున్నాను. కిందికి దిగి, నీ స్టూడియోకి ఫోన్ చేసి, అక్షరం పొల్లుపోకుండా చదివి వినిపించమన్నాను. తర్వాత కాగితం పోస్టులో వేస్తాడు. కనుక ముందుగా అతని గొంతులో వింటావు. మొద్దుగా చదువుతాడు, ఓర్చుకో. తొల్లేవ్, ఈ మాట కూడా చదువు.

నీ రైలు ఉత్తరం ఈ పొద్దున పాల లారీలో అందింది. నాకు కోపం లేదు. నోట మాట రాలేదు, అంతే. ఉన్న గుసగుస కూడా ఆ పూట పోయింది.

అమ్మమ్మ దొడ్డి వేరేచోట ఉండేది, అక్కడ చెరువు లేదు, ఎదురుగా కొండ లేదు. పిలుపు తెచ్చుకుని ఈ గుమ్మంలో నిలబడ్డది నేనే. అప్పటి నుంచి పిలిచేదాన్ని నేనే కాబట్టి అవతలి ఒడ్డున నిలబడి దాన్ని ఎప్పుడూ వినలేదు. ఎలా వింటాను? ఆ సాయంత్రం నువ్వు చిన్నప్పుడు మేకలు కాసిన రాళ్ళ దగ్గరే నిలబడ్డాను. ఆవులన్నీ నా చుట్టూ ఉన్నాయి. మొదటిది నీ స్వీడన్ వాడిది, ఫాగర్లిన్ నమలడం కూడా ఆపలేదు. రెండోది వచ్చింది. నీది పైకి లేచి విరిగింది, విరిగిన చోటే కొండ అందుకుంది. అతుకు తెలియలేదు. గొణుగుడు కాదురా అది, మనిషి గొంతంత నిండుగా దిగి, నీళ్ళ మీదుగా నా కాళ్ళ దాకా వచ్చింది. నువ్వు టేపు మీద పంపింది అచ్చం అదే. నిన్ను పిచ్చివాడా అన్నాను. నువ్వు విన్నది విన్నట్టే వాయించావు.

ఇంకో మాట. ఫాగర్లిన్ గంట కదలకముందే నా కాళ్ళు కదిలాయి. ఆవుల్ని తోలడానికి కాదు. పిలిచారు కనుక వెళ్ళాను. ఈ వయసు దాకా అందర్నీ ఇంటికి పిలిచింది నేను. నన్ను ఇంటికి పిలిచినవాళ్ళు లేరు. అందుకే నీ మొహం చూడలేక పాకలోకి వెళ్ళాను. ఆవు పొట్టకి తల ఆనించి ఏడిస్తే ఎవరికీ తెలియదు, పాలు పిండేవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. తొల్లేవ్, ఇక్కడ ఆగకుండా చదువు.

కనుక రికార్డులో కొండ వంతు తీసెయ్యకు. గుమ్మంలో నిలబడేవాడు సగమే ఊదాలి, అది ఆవుల కోసం. నీ రికార్డు వినేవాళ్ళు గుమ్మంలో లేరు, వాళ్ళంతా చెరువు అవతలివాళ్ళే. వాళ్ళకి మొత్తం వినిపించు. అట్టమీద ఎవరి దగ్గర నేర్చుకున్నావో రాయి. నా పేరు రాసి, పక్కన కొండ పేరు కూడా వెయ్యి. దాని వాటా దానిదే.

ఆ పిలుపు ఇక నీది. మగవాడికి ఇచ్చిన సంగతి లోయలో లేదు, నవ్వేవాళ్ళు నవ్వనీ. అయితే పిలుపు తీసుకున్నవాళ్ళు వేసవికి పైకి రావాలి. తొల్లేవ్ తన ఆవుల్ని దించలేదు. వచ్చే ఏడు నువ్వు వస్తేనే తోలతానంటున్నాడు. జూన్‌లో బయల్దేరతాం. నువ్వు పడుకునే చోట కప్పు వేయిస్తాను. అది నిజంగానే కారుతోంది.

గున్‌వోర్